పీఠిక అప్పజెప్తారు గానీ అర్థం చెప్పలేరు: 8, 9 తరగతులకు రాజ్యాంగం ఎట్లా చెప్పాలి?

అడిగినవారు ములుగు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో కొత్తగా చేరిన సోషల్ స్కూల్ అసిస్టెంట్. పిల్లలు రాజ్యాంగ పీఠికను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారట, "ఇది మీకెందుకు పనికొస్తది?" అంటే మాత్రం నీళ్లు నములుతారట. ఊళ్లో కొందరు తల్లిదండ్రులేమో "బడిలో రాజకీయాలు చెప్పకండి సారూ" అంటున్నారు. పైగా నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, మాక్ పార్లమెంట్ పెట్టమని హెడ్మాస్టర్ గారి ఆదేశం. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న.

నేను హన్మకొండ చుట్టుపక్కల మండలాల్లో ఇరవై ఏళ్లకు పైగా సోషల్ చెప్తున్నాను. నా సమాధానం సూటిగా ముందే చెప్పేస్తాను. బడిలో పిల్లలు రోజూ కొట్లాడుకునే ఒక విషయం పట్టుకోండి. దాని మీద నిర్ణయం తీసుకునే అధికారం నిజంగానే వాళ్ల చేతికివ్వండి. వాళ్లు పెట్టుకున్న నియమానికి మీరూ కట్టుబడండి. పుస్తకం, అధికరణలు, షెడ్యూళ్లు ఆ తర్వాత తెరవండి. మాక్ పార్లమెంట్ అన్నిటికంటే చివర.

బట్టీ పట్టడం తప్పని నేననను. పీఠిక నోటికి రావడం మంచిదే, పెద్దయ్యాక ఎప్పుడో ఒకప్పుడు గుర్తొస్తుంది. కానీ అధికారం ఎవరి చేతిలో ఉండాలి, ఎంతవరకు ఉండాలి అని తేల్చేదే రాజ్యాంగం కదా. పదమూడేళ్ల పిల్లకు అధికారం కనిపించే చోట్లు నల్లా, ముందు బెంచీ, టీచర్ చేతిలోని బెత్తం. (బెత్తాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఏనాడో నిషేధించింది. అది చేతిలో పట్టుకుని జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ చెప్తే పిల్లలు లోపల్లోపల నవ్వుకుంటారు.)

నల్లా సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఇప్పటికీ అంతకన్నా మంచి పాఠం దొరకలేదు.

నేను ఇదివరకు పనిచేసిన ఒక బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత ప్లేట్లు కడుక్కోవడానికి నీళ్లు సరిగ్గా వచ్చే నల్లా ఒక్కటే. పదో తరగతి మగపిల్లలు ముందు, వాళ్ల వెనక తొమ్మిది, అట్టడుగున ఆరో తరగతి. ఆడపిల్లలు ఆ తోపులాటలోకి పోలేక ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో తాగేనీళ్లతోనే ప్లేటు కడుక్కుని, సాయంత్రం దాకా దాహంతో కూర్చునేవాళ్లు. ప్రజాస్వామ్యం పాఠం రోజు నేను ఇదే బోర్డు మీద రాసి, ఎట్లా తేలుద్దాం అన్నాను. క్లాసంతా ఒకేమాట: "ఓటింగ్ పెడ్దాం మేడం!"

సరే అని అన్ని తరగతులనూ వేపచెట్టు కింద కూర్చోబెట్టి చేతులెత్తించాం. ఆ బడిలో పై తరగతుల్లోనే పిల్లలెక్కువ. "పెద్ద క్లాసులకు స్పెషల్ క్లాసులుంటయి, కాబట్టి వాళ్లే ముందు" అన్న మాట సునాయాసంగా నెగ్గింది. నిన్నటిదాకా దౌర్జన్యంగా నడిచింది ఇప్పుడు తీర్మానం అయింది, అంతే తేడా. అప్పుడు ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి అడిగింది: "మేడం, మేం తక్కువ మందిమి. ఎన్నిసార్లు ఓటింగ్ పెట్టినా మేం ఓడుడే గదా?"

మన దగ్గర చాలామంది పెద్దవాళ్లకు కూడా ఈ ప్రశ్న తోచదు. ఎక్కువమంది చేతులెత్తితే అదే ప్రజాస్వామ్యం అనుకుంటారు. మర్నాడు రాజ్యాంగం మూడో భాగం తెరిచాం. 13వ అధికరణ ఏం చెప్తుంది? ప్రాథమిక హక్కులను హరించే చట్టం ఎవరు చేసినా, ఎంత మెజారిటీతో చేసినా ఆ మేరకు చెల్లదని. అయితే మన బడిలో ఓటుకు కూడా అందని విషయాలేవో రాద్దాం అని డ్రాయింగ్ షీటు గోడకు అంటించాను. పిల్లలు రాసినవి: తాగడానికి, కడుక్కోవడానికి నీళ్లు, బాత్రూంకు పోవడం, కులం పేరు పెట్టి పిలవకపోవడం, ఒంటి మీద చెయ్యి వేయకపోవడం. బాత్రూం మాట నాకు తట్టలేదు, ఆడపిల్లలు రాశారు. నీళ్లు అందరికీ దొరకాల్సిందే అని అట్లా తేలాక, ఏ వారం ఏ తరగతి ముందు అన్నది మాత్రం ఓటుకు వదిలేశాం. వంతులవారీ పద్ధతి నెగ్గింది.

ఒక తొమ్మిదో తరగతి పిల్లగాడు ఊరుకోలేదు. "గట్లయితే ఓటెందుకు మేడం? మీరే చెప్పేస్తే అయిపోవు గదా" అన్నాడు. ఆ వాదన రెండు పీరియడ్లు నడిచింది, నేను ఆపలేదు. సిలబస్ ఆగిపోతుందని మీకు భయం వేస్తుంది, వేయనీయండి. హక్కుల పాఠం ఆ రెండు పీరియడ్లలోనే అయిపోయింది, తర్వాత పుస్తకంలో చదివింది పునశ్చరణే.

ఇక మీరూ కట్టుబడాలి అన్నానే, దాని సంగతి. ఆ షీటులోనే పిల్లలు ఒక నియమం పెట్టారు: గంట కొట్టి ఐదు నిమిషాలైనా టీచర్ రాకపోతే క్లాస్ లీడర్ స్టాఫ్‌రూంకు వచ్చి పిలవాలి. నేను సంతకం పెట్టాను. ఒక తోటి టీచర్‌కు కోపమొచ్చింది, "పిల్లలు మనల్ని పిలుచుడేంది" అని. చట్టం ముందు అందరూ సమానం అని 14వ అధికరణ కింద గీత గీయించే మనం, ఆ గీత మన కుర్చీ దాకా వచ్చేసరికి ఉలిక్కిపడతాం. మీ బడిలోనూ ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. ముందే హెడ్మాస్టర్ గారితో మాట్లాడి పెట్టుకోండి.

ఎన్నిక పెడితే రహస్య ఓటింగే పెట్టండి. క్లాస్ లీడర్‌ను చేతులెత్తించి ఎన్నుకునే అలవాటు మానేయండి. నేను ఒకసారి కావాలనే రెండు రకాలుగా చేయించాను, మొదట చేతులెత్తించి, తర్వాత చీటీల మీద. కిటికీ మూలన పాత చీర అడ్డం కట్టి, చెప్పుల డబ్బాకు చీలిక పెట్టి, ఎడమచేతి చూపుడువేలికి స్కెచ్ పెన్ను చుక్క పెట్టాం. చేతులెత్తినప్పుడు గెలిచినవాడు చీటీల్లో మూడో స్థానానికి పోయాడు. ఎందుకట్లా అయిందో పిల్లలే చెప్పారు: "చెయ్యెత్తకపోతే వాడు ఇంటర్వెల్లో చూసుకుంటడు మేడం."

డిసెంబర్ 2025 పంచాయతీ ఎన్నికలు పిల్లల కళ్లముందే జరిగాయి. మన బడులే పోలింగ్ కేంద్రాలు. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు మెంబర్‌కు తెలుపు బ్యాలెట్. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పోలింగ్, రెండు గంటల నుంచి లెక్కింపు. తమ బెంచీల మీదే ఓట్లు లెక్కపెట్టారని తెలిసిన పిల్లలకు ఆ మర్నాడు ఉండే ఆసక్తి మళ్లీ ఏడాదంతా ఉండదు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద ఎందుకు జరగదు, ఉపసర్పంచ్‌ను ఎవరు ఎన్నుకుంటారు, ఏకగ్రీవం కోసం పదవి వేలం పాడితే తప్పేమిటి, అన్నీ వాళ్లే అడుగుతారు. వేలం ప్రశ్న వచ్చినప్పుడు తొందరపడి తీర్పు చెప్పకండి. "గుడి కట్టడానికే గదా పైసలు ఇచ్చింది" అనే పిల్లవాడికి జవాబు ఇంకో పిల్లవాడి నుంచే రానివ్వండి. నా క్లాసులో వచ్చింది: "పైసలు లేనోడు సర్పంచ్ కావొద్దా మరి?"

ఓటుకు నోటు గురించి కూడా ఒక మాట. చాలామంది టీచర్లు ఇన్ని రూపాయలను 60 నెలలతో భాగించి, "మీ అమ్మానాన్నలు నెలకు ఇంతకు అమ్ముడుపోయారు" అని లెక్క చెయిస్తారు. నాకది నచ్చదు. ఇచ్చినవాడిని వదిలేసి తీసుకున్న కూలివాళ్లను పిల్లల ముందు తలదించుకునేలా చేయడమది. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే అని చెప్పాలి, నిజమే. దాంతోపాటు బ్యాలెట్ రహస్యం కాబట్టి పైసలిచ్చినవాడికి కూడా ఎవరు ఎవరికి వేశారో తెలియదని చెప్పండి. ఆ చీర అడ్డం ఎందుకు కట్టామో పిల్లలకు అప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. "మీ ఇంటికి ఎంత ఇచ్చిన్రు?" అని మాత్రం క్లాసులో ఎప్పుడూ అడగకండి. వాళ్లంతట వాళ్లు చెప్పబోయినా మెల్లగా మాట మళ్లించండి.

బాధ్యతగల పౌరుడు అంటే చెత్త బుట్టలో వేసేవాడు, క్యూలో నిలబడేవాడు అని మన పుస్తకాల్లో బొమ్మలుంటాయి. అవీ కావాలి. కానీ ఏ పని ఎవరిదో తెలిసి, వాళ్లను కాగితం మీద అడగగలగడం అంతకన్నా ముఖ్యం. మా ఇంకో బడి గేటు ముందు వానాకాలం మోకాలిలోతు నీళ్లు నిలిచేవి. ఉత్తరం రాద్దాం అంటే పిల్లల మొదటి చిత్తుప్రతి "గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి" అని మొదలైంది. అందుకే ముందు "ఎవరి పని?" పట్టిక చెయించాను. వీధి దీపం, మురుగు కాలువ పంచాయతీవి. కరెంటు పోతే మన ఉత్తర తెలంగాణకు ఎన్పీడీసీఎల్. రేషన్ కార్డుకు తహసీల్దార్ ఆఫీసు. మండలంలో పంచాయతీల పనిని చూసేది ఎంపీడీవో. పిల్లలు ఇళ్లలో అడిగి వచ్చి నింపారు. సగం తప్పులు. ఆ తప్పులు దిద్దుకోవడంలోనే పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ, వాటి పనుల జాబితా ఉన్న పదకొండో షెడ్యూల్లోని 29 అంశాలు అన్నీ వచ్చేశాయి.

ఉత్తరం పంచాయతీకి ఇచ్చాం. కార్యదర్శి బాగానే మాట్లాడాడు, కానీ ఆ రోడ్డు పంచాయతీది కాదు, వేరే శాఖది అని రాసిచ్చాడు. ఆ శాఖకు రాశాం. జవాబు రాలేదు. చివరికి వానాకాలమే అయిపోయి నీళ్లు వాటంతట అవే ఎండిపోయాయి. "రాస్తే ఏమొచ్చింది మేడం?" అన్నారు పిల్లలు. ముట్టినట్టు సంతకం ఉన్న నకలు వచ్చింది, దాన్ని ఫైల్లో పెట్టండి అన్నాను. మరుసటి ఏడు జూన్‌లో వానలకు ముందే తర్వాతి బ్యాచ్ పిల్లలు ఆ నకలు జతచేసి మళ్లీ రాశారు. ఈసారి వార్డు మెంబర్ సొంత పైసలతో రెండు ట్రాక్టర్ల మొరం పోయించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడడిగాను, "ఇది ఆయన దయనా, మన హక్కా?" అని. క్లాసు రెండుగా చీలింది. ఒకమ్మాయి అన్నమాట: "దయ అయితే ఆయన మల్ల ఓటడుగుతడు. హక్కయితే మనం మల్ల రోడ్డడుగుతం."

ఇందులో జాగ్రత్తలు కొన్ని. ఉత్తరం క్లాసు పేరు మీద, హెడ్మాస్టర్ ద్వారా పోవాలి, ఏ ఒక్క పిల్ల పేరూ పైకి రాకూడదు. ఫిర్యాదులా కాకుండా సమాచారం అడిగినట్టు రాయించండి. సమాచార హక్కు చట్టం (2005) చెప్పండి, 30 రోజుల గడువు చెప్పండి, గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు ఫీజు లేదన్నదీ చెప్పండి. కానీ పిల్లలతో దరఖాస్తు పెట్టించకండి. ఊళ్లో చిన్న కోపాలు పెద్దవి కావడానికి ఎంతసేపో పట్టదు, అవి ఆ పిల్ల ఇంటి మీదికి పోతాయి. గ్రామసభలో పంచాయతీ జమాఖర్చులు చదువుతుంటే వెనక కూర్చుని రాసుకుని రమ్మంటే చాలు.

మీరు ములుగులో ఉన్నారు కాబట్టి, మాకు లేని ఒక వెసులుబాటు మీకుంది. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఏ ఇంట్లో అడిగినా "వన్ ఆఫ్ సెవెంటీ" మాట తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఆపే 1970 నాటి మొదటి రెగ్యులేషన్ అది. దానికి వేరు రాజ్యాంగం ఐదో షెడ్యూల్లో ఉందని మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. రాజ్యాంగం పిల్లల ఇంటి పట్టాకాగితం దాకా ఎట్లా వస్తుందో చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు. అక్కడి నుంచి గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం, పోడు పట్టాలకు ఆధారమైన 2006 అటవీ హక్కుల చట్టం. అయితే ఆ క్లాసులోనే గిరిజనేతరుల పిల్లలూ ఉంటారు, వాళ్ల ఇళ్లలో ఈ చట్టం మీద వేరే మాట నడుస్తుంటుంది. "మీరు వచ్చి ఆక్రమించారు" అనే మాట ఏ పిల్లవాడి మీదా పడకుండా చూసుకోండి. చట్టం ఎందుకు వచ్చింది, ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది, రెండూ పిల్లల ముందు పెట్టండి.

చరిత్ర పాఠాన్ని రాజ్యాంగంతో కలపడం మన ప్రాంతంలో చాలా తేలిక. వెట్టిచాకిరి గురించి అందరికీ తెలుసు. దాన్ని నిషేధించిన 23వ అధికరణ గురించి అడిగితే మాత్రం బాండెడ్ లేబర్ అని ఎక్కడి సంగతో చెప్తారు. సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలన్న నిజాం నాటి ఉత్తర్వు గస్తీ నిషాన్ 53ను, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కునిచ్చే 19వ అధికరణను ఒకే బోర్డు మీద పక్కపక్కన రాయండి. 1904లో హన్మకొండలో పుట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉంది. ఒక గ్రంథాలయం పెట్టుకోవడం కూడా ఒకప్పుడు ఎంత సాహసమో అక్కడికి తీసుకెళ్లి చెప్పొచ్చు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య, అదే ఏడాది వరంగల్ కోటలో జెండా ఎగరేసినందుకు బత్తిని మొగిలయ్య గౌడ్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆరేళ్లు తిరక్కుండా, 1952లో, గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన జనం దొరతో సమానంగా తలా ఒక ఓటు వేశారు. ఆ ఎన్నికల్లో వరంగల్ లోక్‌సభ స్థానంలో గెలిచింది కమ్యూనిస్టు నాయకుడు పెండ్యాల రాఘవరావు. 1946కూ 1952కూ మధ్య ఏం మారిందో రాయమంటే తొమ్మిదో తరగతి పిల్లలు పేజీలు నింపేస్తారు.

ఒకటి మాత్రం చేయకండి. "మీ తాత ఏ వెట్టి చేసేవాడో కనుక్కుని రండి" అని హోంవర్క్ ఇవ్వకండి. ఎవరి తాత చచ్చిన పశువును మోశాడో, ఎవరి తాత మోయించాడో క్లాసులో బయటపడితే, ఆ పిల్లలు మధ్యాహ్నం ఒకే వరుసలో కూర్చుని తినాలి. ఊరి సంగతిగా అడగండి: మన ఊళ్లో గడీ ఎక్కడుండేది, ఏయే పనులు ఊరికే చెయించుకునేవాళ్లు అని. చెప్పుకోవాలనిపించిన పిల్ల తనంతట తనే చెప్తుంది.

ప్రాథమిక విధుల విషయంలో నేను కొంచెం మొండిదాన్ని. "హక్కులు కావాలంటే ముందు బాధ్యతలు నెరవేర్చాలి" అని పొద్దున బడి ప్రార్థనలో మైకు పట్టుకుని చెప్పడం మనకు అలవాటు. రాజ్యాంగంలో అట్లా లేదు. 51ఎ అధికరణ 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, 42వ సవరణతో వచ్చింది, అప్పుడు పది విధులు. పిల్లలను చదివించాలన్న పదకొండోది 2002లో చేరింది. అవి పాటించనివాడికి హక్కులు రద్దని ఎక్కడా రాసి లేదు. హోంవర్క్ చేయని పిల్లవాడికి కూడా మంచినీళ్లు తాగే హక్కుంది, అంతే. ఇది తేల్చుకున్నాక విధులను సంతోషంగా చెప్పండి, అందులో బంగారం లాంటివి ఉన్నాయి. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవాలన్న విధి మన పల్లెల్లో చేతబడి అనుమానంతో ఒక ముసలమ్మను వెలివేసిన రోజు ఎంత అవసరమో ఆలోచించండి. వారసత్వ సంపదను కాపాడాలన్న విధికి మీకు రామప్ప పక్కనే ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, పిల్లలను తీసుకెళ్లండి. రాళ్ల మీద పేర్లు చెక్కినవాళ్ల గురించి ఉపన్యాసం అక్కర్లేదు, చూపిస్తే చాలు.

పాటలు, ప్రతిజ్ఞల దగ్గర ఏదైనా గొడవ వస్తే బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చెప్పండి. కేరళలో ముగ్గురు బడిపిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడలేదు, కానీ గౌరవంగా లేచి నిలబడ్డారు. బడి నుంచి తీసేస్తే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1986లో కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. తమ వయసు పిల్లలు గెలిచిన కేసు అనగానే వెనక బెంచీ కూడా నిటారుగా కూర్చుంటుంది.

ఇక "బడిలో రాజకీయాలు వద్దు" అన్న తల్లిదండ్రుల మాట. వాళ్లు భయపడేది పార్టీల గురించి, ఆ భయం న్యాయమైనదే. మనం ప్రభుత్వ ఉద్యోగులం, ప్రవర్తనా నియమాలున్నాయి, ఏ పార్టీ పక్షానా మాట్లాడటానికి లేదు. నేను పాటించే పద్ధతి చాలా సాదా. ఇప్పుడు రాజకీయాల్లో ఉన్న నాయకుడి పేరు నా నోటి నుంచి రాదు, పొగడ్తకైనా తెగడ్తకైనా. పిల్లలు పేరు తీస్తే ఆ మనిషిని వదిలేసి పదవి గురించి మాట్లాడతాను: ఎమ్మెల్యేకు ఈ అధికారం ఉందా లేదా? నా అభిప్రాయం అడిగితే "నా ఓటు కూడా రహస్యమే" అంటాను. ఇంకా ముఖ్యం, ఊళ్లో ఎవరైనా అడగక ముందే బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ వాళ్లను పిలిచి, పిల్లలు రాసిన షీట్లు చూపించండి. మా దగ్గర మొదట గట్టిగా అభ్యంతరం చెప్పిన ఒక తండ్రి ఆ "ఎవరి పని?" పట్టికను ఫోన్లో ఫొటో తీసుకుపోయాడు, తన రేషన్ కార్డు పని కోసం.

ఫోన్లలో తిరిగే మెసేజీల గురించి కూడా రాయాలి గానీ అది వేరే ప్రశ్న అంత ఉంది. ప్రస్తుతానికి ఒకటే: పిల్లలు ఏదైనా తెచ్చి "నిజమేనా మేడం" అంటే వెంటనే అవుననో కాదనో అనకండి. ఎవరు పంపారు, ఎప్పటిది, ఇంకెక్కడ ఉంది అని వాళ్లచేతనే వెతికించండి.

మాక్ పార్లమెంట్ సంగతికొస్తే, కోట్లు తొడిగి, రాసిచ్చిన డైలాగులు చెప్పించి, ఒకరి మీద ఒకరు అరుచుకునే నాటకం పెడితే పిల్లలు నేర్చుకునేది అరవడమే. హెడ్మాస్టర్ గారు తప్పదంటే ప్రశ్నోత్తరాల సమయం ఒక్కటే పెట్టండి, మంత్రులుగా టీచర్లను కూర్చోబెట్టండి. ప్రశ్నలు వారం ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, పార్లమెంటులోనూ ముందస్తు నోటీసు ఉంటుంది కదా. జవాబు చెప్పాక అనుబంధ ప్రశ్న అడగొచ్చు. సైన్స్ సార్ ల్యాబ్ తాళం గురించి, పీఈటీ సార్ ఆడపిల్లలకు వాలీబాల్ ఎందుకు దొరకదన్న దాని గురించి, హెడ్మాస్టర్ గారు స్కూల్ గ్రాంట్ ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న దాని గురించి చెప్పాలి. వ్యక్తిగత ప్రశ్నలు స్పీకర్ తిరస్కరించాలి, స్పీకర్ పదో తరగతి అమ్మాయి అయితే మంచిది. హెడ్మాస్టర్ గారు ఒప్పుకోకపోతే ఆయన ఒక్కరినీ వదిలేసి మిగతావాళ్లతో నడపండి, మరుసటి ఏడు ఆయనే కూర్చుంటారు.

సిలబస్, మార్కులు అని అడిగేవాళ్ల కోసం: నల్లా షీటు, చీటీల లెక్కింపు కాగితం, "ఎవరి పని?" పట్టిక, ఉత్తరం నకలు, ఇవన్నీ ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పని కింద రాయించండి. పిల్లల చేతిరాతలో, తేదీలతో ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లు కూడా అడ్డు చెప్పరు. పీఠిక అప్పజెప్పించడం కూడా మానకండి, పరీక్షలో అడుగుతారు.